పాత 486లో ఒకే కార్డు మీద నెట్‌వేర్, టీసీపీ/ఐపీ: రెండూ కలిసి నడిచేలా చేయడం ఎలా?

విజయవాడలో ఒక పాత ప్రెస్సు. మేడ మీద గదిలో నెట్‌వేర్ 3.12 (నోవెల్ సంస్థ సర్వర్ సాఫ్ట్‌వేర్) నడిచే సర్వర్ ఒకటి, దానితో కేబుల్ కలిపిన 486 పీసీ ఒకటి ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉన్నాయి. సర్వర్ డిస్కులో తొంభైల్లో కంపోజ్ చేసిన తెలుగు పుస్తకాల ఫైళ్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి అచ్చు ప్రతి కూడా ఇప్పుడు దొరకదు. ఆ ఫైళ్లను బయటికి తెచ్చే పని నాకు అప్పగించారు. డిస్కు ఊడదీసి కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. నెట్‌వేర్ తన డిస్కును తన పద్ధతిలో రాసుకుంటుంది, విండోస్ దాన్ని చదవలేదు. సర్వర్‌ను దాని దారిలోనే పలకరించాలి.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ సర్వర్‌కు ఐపీఎక్స్ అనే ప్రోటోకాల్ తప్ప మరొకటి నేర్పలేదు. మన ఇంటి రౌటర్‌కు, ల్యాప్‌టాప్‌కు టీసీపీ/ఐపీ తప్ప తెలియదు. రెండు భాషలూ వచ్చిన మధ్యవర్తి కావాలి. ఆ 486 పీసీ చేత ఆ పని చేయించవచ్చు. ఒకే నెట్‌వర్క్ కార్డు, ఒకే కేబుల్, దాని మీద రెండు నెట్‌వర్కులు ఒకేసారి. ఎలా చేయాలో మెట్టు మెట్టుగా చెబుతాను.

ముందుగా ఒక మాట. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద టైపు చేసేటప్పుడు అవే ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి.

కార్డుకు యజమాని ఒక్కరే

పనిలోకి దిగే ముందు ఈ సంగతి మనసుకు ఎక్కాలి. మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి. డాస్‌లో నెట్‌వర్క్ కార్డును ఒక్క డ్రైవర్ మాత్రమే పట్టుకోగలదు. నెట్‌వేర్ కోసం ఒక డ్రైవర్, టీసీపీ/ఐపీ కోసం ఇంకో డ్రైవర్ ఎక్కిస్తే రెండూ కార్డు కోసం కొట్టుకుంటాయి, పీసీ బిగుసుకుపోతుంది. కాబట్టి డ్రైవర్ ఒకటే ఉండాలి. ఆ డ్రైవర్ మీద ఉత్తరాలు వేరుచేసే బల్ల ఒకటి ఉండాలి. పోస్టాఫీసులో సంచీ ఒకటే వస్తుంది, వీధుల వారీగా వేరుచేసే మనిషి బల్ల దగ్గర ఉంటాడు కదా, అలాగే.

నోవెల్ సంస్థ ఆ బల్లను ఓడీఐ అనే పద్ధతిలో తయారుచేసింది. అందులో మూడు అంతస్తులు. అడుగున కార్డు డ్రైవర్, మధ్యలో ఎల్‌ఎస్‌ఎల్ అనే పంపిణీ పొర, పైన ప్రోటోకాళ్లు. పైన ఐపీఎక్స్ ఒక్కటే కూర్చోవాలని నియమం లేదు, పక్కన ఇంకొకటి కూర్చోవచ్చు. మనం వాడుకునే వెసులుబాటు అదే.

టీసీపీ/ఐపీ వైపు పాత డాస్ కార్యక్రమాలు ఓడీఐతో నేరుగా మాట్లాడవు. వాటికి ప్యాకెట్ డ్రైవర్ అనే మరో పద్ధతి అలవాటు. అందుకని రెండింటి మధ్య ఓడీఐపీకేటీ అనే చిన్న దుబాసీని పెడతాం. ఎల్‌ఎస్‌ఎల్‌తో ఓడీఐ పద్ధతిలో, పైవారితో ప్యాకెట్ డ్రైవర్ పద్ధతిలో మాట్లాడడం దాని పని. దీనికి తిరగేసిన దారి కూడా ఉంది: అడుగున ప్యాకెట్ డ్రైవర్ పెట్టి, దాని మీద నెట్‌వేర్‌ను నడపడం. సర్వర్ నోవెల్‌దే అయినప్పుడు అడుగున నోవెల్ డ్రైవర్ ఉండడమే నిలకడగా ఉంటుందని నా అనుభవం.

మీ పీసీలో విండోస్ 95 గానీ 98 గానీ ఉంటే ఇంత పని లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ తెరిచి ఐపీఎక్స్‌ను, టీసీపీ/ఐపీని, నెట్‌వేర్ క్లయింట్‌ను (సర్వర్‌తో మాట్లాడే భాగాన్ని) చేర్చితే చాలు, పంపిణీ బల్ల అందులోనే ఉంది. ఈ వ్యాసం డాస్ 6.22 మీద మిగిలిపోయిన పీసీల కోసం.

పెట్టె తెరవండి

కరెంటు తీసి, పెట్టె తెరిచి, ముందు మదర్‌బోర్డు మీది బ్యాటరీని చూడండి. ఆ కాలపు బోర్డుల్లో చాలావాటికి నీలం రంగు పీపా ఆకారపు బ్యాటరీని టంకం వేసి అతికించేవారు. అది కారి ఉంటే చుట్టూ పచ్చని పొర కనబడుతుంది. అలా ఉంటే దాన్ని కత్తిరించి తీసి, ఆ చోటు శుభ్రం చేశాకే కరెంటు పెట్టండి. మన కోస్తా గాలికి కార్డుల బంగారు అంచుల మీద కూడా మరక పేరుకుంటుంది. నెట్‌వర్క్ కార్డును ఊడదీసి అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ గట్టిగా దిగేలా పెట్టండి. సగం దిగిన కార్డు వల్ల వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

కార్డు మీద వెనక రెండు రకాల రంధ్రాలు ఉండవచ్చు. గుండ్రని బీఎన్‌సీ, టెలిఫోన్ సాకెట్‌ను పోలిన ఆర్‌జే45. ఒక సమయంలో ఒకటే పనిచేస్తుంది. గుండ్రనిదానికి వాడే సన్నని కోయాక్సియల్ కేబుల్ ఒక వరుసలో 185 మీటర్ల దాకా పోతుంది. రెండు చివరలా 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఉండి తీరాలి, ఒకటి ఊడినా వరుస మొత్తం చచ్చిపోతుంది. మీ సర్వర్ ఆ కేబుల్ మీదే ఉంటే బీఎన్‌సీ, ఆర్‌జే45 రెండూ ఉన్న పాత హబ్ ఒకటి సంపాదించండి. సర్వర్‌ను అటు, రౌటర్‌ను ఇటు తగిలిస్తే పని అయిపోతుంది. సర్వర్‌లోనూ ఆర్‌జే45 ఉంటే మరీ సులువు: రౌటర్ వెనక లాన్ రంధ్రాల్లోకే మూడు పెట్టెలనూ కలపండి. రౌటర్‌కు ఐపీఎక్స్ అర్థం కాకపోయినా ఆ రంధ్రాల మధ్య స్విచ్ లాగా దాన్ని దాటనిస్తుంది. స్విచ్ విడిగా కొంటుంటే దాని మీద 10/100/1000 అని ఉందో లేదో చూడండి. మన కార్డు వేగం సెకనుకు 10 మెగాబిట్లే, ఆ మొదటి 10 మనకు కావాలి.

కార్డుకు చోటు చూడండి

ఎన్‌ఈ2000 అనే కార్డును, దాన్ని అనుకరించినవాటిని దృష్టిలో పెట్టుకొని చెబుతున్నాను. ఆ కాలపు పీసీల్లో ఎక్కువగా కనబడేవి అవే. కార్డుకు రెండు అంకెలు కావాలి: ప్రాసెసర్‌ను పిలిచే గంట లాంటి ఐఆర్‌క్యూ ఒకటి, ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే పోర్టు చిరునామా ఒకటి.

కార్డు తయారీదారులు ఐఆర్‌క్యూను 3గా పెట్టి పంపేవారు. కానీ 3 రెండో సీరియల్ పోర్టుది. 4 మొదటి సీరియల్ పోర్టుది, 7 ప్రింటర్‌ది, 14 హార్డ్ డిస్కుది. సౌండ్ కార్డు ఉంటే 5 దాని కింద పోతుంది. మిగిలేవి 10, 11. నేను 10 వాడతాను.

పోర్టుకు 300 హెక్స్ (పదహారు అంకెల లెక్క) మంచిది. అది ఖాళీగా లేకపోతే మరొకటి ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఈ కార్డు మొదలుపెట్టిన చోటి నుంచి వరుసగా 32 చిరునామాలు ఆక్రమిస్తుంది. 320 ఇస్తే 33ఎఫ్ దాకా పాకుతుంది, సౌండ్ కార్డు మిడి పోర్టు కూర్చునే 330 అందులో పడుతుంది. 360 ఇస్తే 37ఎఫ్ దాకా పోయి 378లో ఉన్న ప్రింటర్‌ను తొక్కుతుంది. నెట్‌వర్క్ బాగానే ఉండి ప్రింటర్ మాత్రం పిచ్చి అక్షరాలు కొడుతుంటే అనుమానించవలసింది ఇదే.

పాత కార్డుల్లో ఈ అంకెలను జంపర్లతో, అంటే పిన్నుల మీద తొడిగే చిన్న మూతలతో మారుస్తారు. రియల్‌టెక్ 8019ఏఎస్ చిప్పు ఉన్నవాటికి ఆర్‌సెట్8019 అనే కార్యక్రమం ఉంది. దాన్ని నడిపి ప్లగ్ అండ్ ప్లే తీసేసి, జంపర్‌లెస్ స్థితిలో అంకెలు ఖాయం చేయండి. డాస్‌లో ప్లగ్ అండ్ ప్లే మేలు చేయదు. మార్చిన అంకెలను కాగితం మీద రాసి పెట్టె లోపల అతికించండి. డాస్ 6తో వచ్చిన ఎంఎస్‌డీ కార్యక్రమం ఏ ఐఆర్‌క్యూ ఎవరి దగ్గర ఉందో చూపిస్తుంది, ఒకసారి సరిచూసుకోండి.

సర్వర్ ఏ కవరు వాడుతుందో కనుక్కోండి

ఈ మెట్టును వదిలేసినవారే ఎక్కువగా చిక్కుల్లో పడతారు. కాస్త నిదానంగా చదవండి.

ఈథర్‌నెట్ మీద పోయే ప్రతి మూటకూ ముందు చిరునామా చీటీ ఉంటుంది: చేరవలసినవారి చిరునామా 6 బైట్లు, పంపినవారిది 6 బైట్లు, తర్వాత 2 బైట్లు. ఆ చివరి 2 బైట్లలో ఏమి రాయాలన్నది రెండు సంప్రదాయాలు. ఈథర్‌నెట్ టూ అనే పద్ధతిలో లోపల ఏ ప్రోటోకాల్ ఉందో రాస్తారు: ఐపీకి హెక్స్ 0800, చిరునామాలు వెతికే ఏఆర్‌పీకి 0806. మరో పద్ధతిలో లోపల ఎన్ని బైట్లు ఉన్నాయో రాస్తారు. పొడవు 1500 దాటదు, ప్రోటోకాల్ సంఖ్యలు 1536 నుంచి మొదలవుతాయి. అందువల్ల రెండు పద్ధతులూ ఒకే కేబుల్ మీద తగాదా లేకుండా నడుస్తాయి. ఎల్‌ఎస్‌ఎల్ వేరుచేయగలగడం వెనక ఉన్న కిటుకు ఇదే.

టీసీపీ/ఐపీ మామూలుగా ఈథర్‌నెట్ టూ కవరులోనే పోతుంది. నెట్‌వేర్ అలా కాదు. 3.11 దాకా మామూలుగా 802.3 అనే కవరు వాడేది, 3.12 నుంచి 802.2 అనేదానికి మారింది. కానీ సర్వర్‌ను అమర్చినవారు పాత పీసీల కోసం పాతదాన్నే ఉంచి ఉండవచ్చు. ఊహించవద్దు. సర్వర్ తెర ముందు కూర్చొని కాన్ఫిగ్ అని కొట్టండి. మనం కవరు అన్నదాన్నే నోవెల్ ఫ్రేమ్ అంటుంది. ఫ్రేమ్ టైప్ అన్న వరుసలో ఏముందో కాగితం మీదికి ఎక్కించండి. పీసీలో, సర్వర్‌లో ఫ్రేము ఒకటి కాకపోతే కేబుల్ బాగున్నా, డ్రైవర్ బాగున్నా ఫైల్ సర్వర్ కనబడలేదనే సందేశమే వస్తుంది.

నెట్ డాట్ సీఎఫ్‌జీ రాయండి

నోవెల్ ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లో ఎన్‌డబ్ల్యూక్లయింట్ అనే డైరెక్టరీలో ఉన్నాయనుకుందాం. అక్కడే నెట్.సీఎఫ్‌జీ అనే ఫైలు ఉండాలి. ఎడిట్ కార్యక్రమంతో తెరిచి ఇలా రాయండి:

లింక్ డ్రైవర్ ఎన్‌ఈ2000
    పోర్ట్ 300
    ఇంట్ 10
    ఫ్రేమ్ ఈథర్‌నెట్_802.2
    ఫ్రేమ్ ఈథర్‌నెట్_ఐఐ

నెట్‌వేర్ డాస్ రిక్వెస్టర్
    ఫస్ట్ నెట్‌వర్క్ డ్రైవ్ = ఎఫ్

ఈథర్‌నెట్ తర్వాత ఉన్న ఐఐ అంటే రెండు పెద్ద ఐ అక్షరాలు. శీర్షిక వరుసలు ఎడమ అంచుకు తగిలి ఉండాలి, వాటి కింది వరుసలు లోపలికి జరిగి ఉండాలి. ఈ తేడా అందానికి పెట్టింది కాదు, డ్రైవర్ దీన్ని బట్టే చదువుతుంది. చివరి వరుస తర్వాత కూడా ఎంటర్ కొట్టండి. లింక్ డ్రైవర్ పక్కన ఉన్న పేరు డ్రైవర్ ఫైలు పేరుతో సరిపోవాలి. పోర్టు అంకె హెక్స్, ఇంట్ అంకె మామూలు పది అంకెల లెక్క.

ఫ్రేముల వరుస గుర్తుంచుకోండి. ముందు నెట్‌వేర్‌ది, తర్వాత టీసీపీ/ఐపీది. ఐపీఎక్స్ మొదటి ఫ్రేమును పట్టుకుంటుంది. ప్రతి ఫ్రేము వరుసకూ డ్రైవర్ ఒక్కో ఊహా బోర్డును సృష్టిస్తుంది. కార్డు ఒకటే అయినా పైవారికి రెండు కార్డులు ఉన్నట్టు కనబడుతుంది.

ఇక కాన్ఫిగ్.సిస్‌లో లాస్ట్‌డ్రైవ్=జెడ్ అన్న వరుస ఉండాలి. వీఎల్‌ఎం అనే నెట్‌వేర్ క్లయింట్‌కు అది తప్పనిసరి. అంతకుముందు తరం నెట్ఎక్స్ క్లయింట్ అయితే దీనికి పూర్తిగా విరుద్ధం: లాస్ట్‌డ్రైవ్‌కు తర్వాతి అక్షరాన్ని అది తీసుకుంటుంది, కాబట్టి జెడ్ అని ఇస్తే దానికి చోటే మిగలదు. మీది ఏదో చూసి రాయండి.

మొదట నెట్‌వేర్‌ను ఒంటరిగా నిలబెట్టండి

ఆ డైరెక్టరీలోకి వెళ్లి ఈ వరుసలో ఒక్కొక్కటీ కొట్టండి. ఒకటి కొట్టాక తెర మీద వచ్చింది చదివి, తర్వాతే రెండోది.

ఎల్‌ఎస్‌ఎల్
ఎన్‌ఈ2000
ఐపీఎక్స్‌ఓడీఐ
వీఎల్‌ఎం

రెండో ఆదేశం తర్వాత తెర మీద మీరు ఇచ్చిన పోర్టు, ఐఆర్‌క్యూ, కార్డు చిరునామా, కింద రెండు బోర్డుల వరుసలు రావాలి: ఒకటి 802.2, ఒకటి ఈథర్‌నెట్ టూ. రెండు వరుసలూ రాకపోతే అది మీ నెట్.సీఎఫ్‌జీని చదవలేదన్నమాట. వేరే డైరెక్టరీ నుంచి నడిపి ఉంటారు, లేదా వరుసలు లోపలికి జరిపి ఉండరు. అన్నీ ఎక్కాక ఎఫ్ డ్రైవ్‌కు వెళ్లి లాగిన్ అవ్వండి. ఐపీఎక్స్‌కు మనం చిరునామా ఏదీ ఇవ్వనక్కరలేదు. కార్డులో పుట్టుకతో ఉన్న 6 బైట్ల సంఖ్యనే పీసీ చిరునామాగా తీసుకుంటుంది, నెట్‌వర్క్ సంఖ్యను సర్వర్ చెబుతుంది. ఎవరూ ఏమీ అమర్చకుండా ఆఫీసులు నడిచిపోవడానికి కారణం ఈ సౌలభ్యమే. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించింది 1995 ఆగస్టు 15న. అంతకుముందు లాన్ పెట్టుకున్న ప్రెస్సుకు ఐపీ చిరునామాతో పనేముంటుంది?

డైరెక్టరీ కనబడితే ఆగండి, ముందుకు పోవద్దు. ఎక్కించినవాటిని తిరుగు వరుసలో దించండి: వీఎల్‌ఎంకు స్లాష్ యూ, తక్కిన మూడింటికి పేరు తర్వాత యూ. ఇప్పుడు రెండోదాన్ని ఒంటరిగా నిలబెట్టాలి.

తర్వాత టీసీపీ/ఐపీని ఒంటరిగా

టీసీపీ/ఐపీ కార్యక్రమాల్లో నేను ఎంటీసీపీని వాడతాను. మైకేల్ బ్రట్‌మన్ రాసి ఉచితంగా ఇస్తున్నాడు. 8088 పీసీ మీద కూడా నడుస్తుంది, 486కు అది లెక్కలోకే రాదు. అందులోంచి డీహెచ్‌సీపీ (రౌటర్ నుంచి చిరునామా తెచ్చేది), పింగ్ (అవతలి పెట్టె పలుకుతుందో చూసేది), ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపేది), ఎస్‌ఎన్‌టీపీ (సమయం తెచ్చేది) కార్యక్రమాలను మాత్రం ఫ్లాపీకి ఎక్కించి సీ డ్రైవ్‌లో ఎంటీసీపీ అనే డైరెక్టరీలో పెట్టండి. ఓడీఐపీకేటీని కూడా అక్కడే ఉంచండి.

అదే డైరెక్టరీలో ఎంటీసీపీ.సీఎఫ్‌జీ అని ఫైలు చేసి రెండు వరుసలు రాయండి:

ప్యాకెట్ఇంట్ 0ఎక్స్60
హోస్ట్‌నేమ్ ప్రెస్486

ఈ ఫైలు ఎక్కడుందో సెట్ ఆదేశంతో ఎంటీసీపీసీఎఫ్‌జీ అనే పేరుకు చెప్పాలి, పూర్తి దారితో సహా. తర్వాత:

ఎల్‌ఎస్‌ఎల్
ఎన్‌ఈ2000
ఓడీఐపీకేటీ 1 96
డీహెచ్‌సీపీ

మూడో వరుసలోని రెండు అంకెలను వివరిస్తాను, ఎందుకంటే రెండూ కాలు జారే చోట్లే. మొదటి అంకె ఎన్నో ఫ్రేమన్నది. డ్రైవర్ తెర మీద బోర్డులను 1, 2 అని లెక్కపెడుతుంది. ఓడీఐపీకేటీ 0, 1 అని లెక్కపెడుతుంది. మన ఈథర్‌నెట్ టూ రెండో వరుసలో ఉంది కాబట్టి ఇక్కడ 1. రెండో అంకె సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్, అంటే పై కార్యక్రమం ప్యాకెట్ డ్రైవర్‌ను పిలిచే సంఖ్య. ఓడీఐపీకేటీ దాన్ని పది అంకెల లెక్కలో అడుగుతుంది, ఎంటీసీపీలో మనం హెక్స్‌లో రాశాం. హెక్స్ 60 అంటే ఆరు పదహార్లు, 96. రెండు చోట్లా ఒకే అంకె రాస్తే ఒకదానికొకటి కనబడవు.

డీహెచ్‌సీపీ సరిగా నడిస్తే రౌటర్ ఇచ్చిన చిరునామా తెర మీద వస్తుంది, సీఎఫ్‌జీ ఫైలులో కూడా చేరుతుంది. రౌటర్ చిరునామాకు పింగ్ కొట్టి చూడండి. జవాబు వచ్చిందంటే 1993 నాటి కార్డు ఇవాళ్టి రౌటర్‌తో మాట కలిపిందన్నమాట. అది మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

రాకపోతే? కార్డు వెనక దీపం వెలుగుతోందా? వెలుగుతూ కూడా డీహెచ్‌సీపీ ఎదురుచూస్తూనే ఉంటే ముందు ఆ ఫ్రేము అంకెను అనుమానించండి. తర్వాత ఐఆర్‌క్యూను. పంపడం జరిగి అందుకోవడం జరగకపోతే అది దాదాపు ఎప్పుడూ ఐఆర్‌క్యూ తగాదాయే.

ఇక్కడే నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. నోవెల్ ఓడీఐ డ్రైవర్ పేరు ఎన్‌ఈ2000.కామ్. అదే కార్డుకు క్రిన్‌వర్ అనే ప్యాకెట్ డ్రైవర్ల సేకరణలో ఉన్న డ్రైవర్ పేరు కూడా ఎన్‌ఈ2000.కామ్! రెండింటికీ పని వేరు, వాడే తీరు వేరు. పాత్ వరుసలో ముందున్న డైరెక్టరీ నుంచి తప్పు ఫైలు నడుస్తుంటే, నేను కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను. మీ దగ్గర రెండూ ఉంటే ప్యాకెట్ డ్రైవర్ పేరు ఇప్పుడే మార్చేయండి.

ఇప్పుడు రెండూ కలిపి

రెండూ ఒంటరిగా నడిచాయి కాబట్టి కలపడం చిన్న పనే. స్టార్ట్‌నెట్.బ్యాట్ అనే ఫైలులో ఈ వరుస పెట్టండి:

ఎల్‌ఎస్‌ఎల్
ఎన్‌ఈ2000
ఐపీఎక్స్‌ఓడీఐ
ఓడీఐపీకేటీ 1 96
వీఎల్‌ఎం
డీహెచ్‌సీపీ

ఓడీఐపీకేటీకి, డీహెచ్‌సీపీకి ముందు వాటి డైరెక్టరీ దారి కూడా రాయండి. బ్యాచ్ ఫైలు మాత్రం నెట్.సీఎఫ్‌జీ ఉన్న చోటి నుంచే నడవాలి. మొదటి రెండు మూడు సార్లు ప్రతి వరుస తర్వాత పాజ్ పెట్టుకోండి, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పనంతా డాస్ తెర మీదే చేయండి. విండోస్ 3.1 లోపల డాస్ కిటికీ తెరిచి ఈ వరుస నడపవద్దు.

ఇప్పుడు ఎఫ్ డ్రైవ్‌లో డైరెక్టరీ చూడండి, వెంటనే రౌటర్‌కు పింగ్ కొట్టండి, మళ్లీ డైరెక్టరీ చూడండి. మూడూ జరిగితే రెండు నెట్‌వర్కులూ పక్కపక్కన ఉన్నట్టే.

మెమరీ చాలలేదని పీసీ మొరపెట్టుకోవచ్చు. ఇవన్నీ 640 కిలోబైట్లలోనే కూర్చుంటాయి మరి. మెమ్ స్లాష్ సీ కొట్టి ఎవరెంత తిన్నారో చూడండి. ఈఎంఎం386ను నోఈఎంఎస్‌తో ఎక్కించి, డ్రైవర్లను ఎల్‌హెచ్‌తో పైకి పంపండి. ఐపీఎక్స్‌ఓడీఐ తర్వాత ఏ అని చేర్చితే ఎస్‌పీఎక్స్‌ను (ఐపీఎక్స్‌కు తోడు ప్రోటోకాల్), పరీక్షల భాగాన్ని వదిలేసి చిన్నగా ఎక్కుతుంది. ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఎస్‌పీఎక్స్ అక్కరలేదు. దూరం నుంచి సర్వర్ తెరను చూసే ఆర్‌కన్సోల్ వంటివాటికి మాత్రం కావాలి.

బ్యాటరీ తీసేసిన పీసీకి తేదీ గుర్తుండదు. ఎస్‌ఎన్‌టీపీ కార్యక్రమం ఇంటర్నెట్ నుంచి సమయం తెస్తుంది. ముందు టీజెడ్ అనే పేరుకు ఐఎస్‌టీ-5:30 అని సెట్ చేయాలి. మనం గ్రీన్‌విచ్ కన్నా ముందున్నా ఇక్కడ గుర్తు మైనస్సే, ఆ పద్ధతి అలాంటిది.

ఫైళ్లు తరలించడం

కొత్త కంప్యూటర్‌లో ఏదైనా ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టండి. పాత పీసీకి గుప్తీకరణ తెలియదు కాబట్టి దాన్ని తప్పనిసరి చేసే అమరికను తీసేయండి, ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వండి. పాస్‌వర్డు కేబుల్ మీద విప్పి ఉన్నట్టే పోతుంది. అందువల్ల ఇదంతా ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే జరగాలి, బయటికి తలుపు తీయవద్దు.

ఫైళ్లను విడివిడిగా పంపకండి. ఎఫ్‌టీపీలో పోయిన ఫైలుకు ఆనాటి తేదీ నిలవదు. ఏ పుస్తకాన్ని ఏ సంవత్సరం కంపోజ్ చేశారో చెప్పే ఆధారం ఆ తేదీయే. పీకేజిప్‌కు ఆర్, పీ స్విచ్‌లు ఇచ్చి ఒక్కో పుస్తకం డైరెక్టరీని దారులతో సహా ఒక్కో జిప్‌గా కట్టండి. కట్టిన మూటను సీ డ్రైవ్‌లో పెట్టండి. పాత సర్వర్ డిస్కు మీద కొత్తగా ఒక్క బైటు కూడా రాయకూడదన్నది నా పట్టుదల, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని డిస్కది. మూటను టీ స్విచ్‌తో పరీక్షించి, ఎంటీసీపీ ఎఫ్‌టీపీతో పంపి, అవతల తెరిచి చూసి, సీ నుంచి తీసేసి, తర్వాతి పుస్తకం. ఎఫ్‌టీపీ బైనరీ స్థితిలో ఉందని పంపే ముందు చూసుకోండి. ఆస్కీ స్థితిలో పోయిన జిప్ పాడవుతుంది, అది అప్పుడే తెలియదు, తెరిచిన రోజు తెలుస్తుంది.

వేగం సెకనుకు కొన్ని వందల కిలోబైట్లు ఉంటుంది. 400 వస్తే ఒక గిగాబైటుకు ముప్పావు గంట. ఆ గదిలోని సర్వర్ మొత్తం ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. సర్వర్‌ను, పీసీని, హబ్‌ను యూపీఎస్ మీద పెట్టే మొదలుపెట్టండి.

తెలుగు ఫైళ్లు కాపాడేవారు ఇంకొకటి మరవకూడదు. ఆనాటి తెలుగు డీటీపీ యూనికోడ్‌లో లేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు పెట్టి ఖతులు (ఫాంట్లు) తయారుచేసేవారు, ఒక్కో సంస్థ ఖతిలో ఒక్కో అమరిక. ఆ ఖతి లేకుండా ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గుట్ట కనబడుతుంది. ఖతి ఫైళ్లు సాధారణంగా సర్వర్‌లో ఉండవు, కంపోజ్ చేసిన పీసీలోనే ఉంటాయి. సీ డ్రైవ్‌లో విండోస్ కింద సిస్టమ్ డైరెక్టరీలో టీటీఎఫ్ ఫైళ్లు, పీఎస్‌ఫాంట్స్ డైరెక్టరీలో పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం ఫైళ్లు వెతికి అన్నీ ఒక మూట కట్టి పంపండి. పుస్తకాలన్నీ తెచ్చుకొని ఖతులు వదిలేస్తే తాళం తెచ్చుకొని చెవి మరిచినట్టే.

కొత్త కంప్యూటర్‌లో ఖతి ఎక్కించి ఒక పుస్తకంలో కనీసం ఒక అధ్యాయం తెరవండి. వత్తులు, గుణింతాలు సరిగా పడ్డాయో ఆ పుస్తకం అచ్చు ప్రతి ఎదురుగా పెట్టుకొని చూడండి. ప్రెస్సు యజమాని గారు కళ్లజోడు సవరించుకొని తెర మీద ఆ మొదటి పేజీ చదువుతుంటే నేను సర్వర్ దగ్గరికి వెళ్లాను. ముందు పీసీలో లాగవుట్, తర్వాత సర్వర్ తెర మీద డౌన్, అది ముగిశాక ఎగ్జిట్. ఆ రెండు మాటలూ కొట్టకుండా స్విచ్ ఆపవద్దు.